ఊపిరి తీసుకోని గాయని వెంట

ఒక వీడియో గేమ్‌లోని పాటలో ఒకే చోట నేను మూడు వారాలుగా తాళం తప్పుతున్నాను. ఆ చోటు వస్తోందని ముందే తెలుసు, ఏ బటన్ తరువాత ఏ బటన్ నొక్కాలో కంఠతా వచ్చు, నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పగలను. అయినా అక్కడికి చేరేసరికి కుడి బొటనవేలు నా మాట వినడం మానేస్తుంది. తెరమీద వర్స్ట్, వర్స్ట్, వర్స్ట్ అని వరుసగా పడతాయి, లైఫ్ గీత చూస్తూ ఉండగానే అరిగిపోతుంది, పాట మధ్యలో తెగిపోతుంది. నలభై రెండేళ్ల వయసులో, తెల్లవారితే ఆఫీసు పెట్టుకొని, రాత్రి పదకొండు గంటలకు ఒక నీలిజడల బొమ్మ పాడే జపనీస్ పాటకు బటన్లు నొక్కుతూ చెమటలు కక్కడం ఏమిటని ఎవరైనా అడిగితే సూటిగా చెప్పగల జవాబు నా దగ్గర లేదు. ఆ ఒక్క చోటు ఎందుకంత కష్టంగా ఉందో ఆరా తీయబోతే మాత్రం, అది నన్ను చిన్ననాటి మృదంగం దాకా, చివరికి ఛందస్సు దాకా లాక్కుపోయింది.

ఆట పేరు ‘హత్సునె మికు ప్రాజెక్ట్ డీవా మెగా మిక్స్ ప్లస్’. సెగా సంస్థ ఈ డీవా ఆటలను 2009 జూలైలో పీఎస్‌పీ అనే చేతిలో పట్టుకొని ఆడే యంత్రం మీద మొదలుపెట్టింది. మరుసటి ఏడాది అదే ఆట జపాన్ గేమ్ సెంటర్లలో, నాణెం వేసి నిలబడి ఆడే పెద్ద యంత్రంగా వచ్చింది. ఆ యంత్రానికి ముందు భాగంలో అరచేతితో కొట్టదగినంత పెద్ద బటన్లు నాలుగు ఉంటాయి, తరువాతి రూపంలో వాటిపైన వేలు జార్చే పట్టీ ఒకటి చేరింది. నేను ఆడుతున్నది 2022 మే నెలలో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కంప్యూటర్ కోసం విడుదలైన రూపం. 170కి పైగా పాటలున్నాయి. వాటిలో నేను ఎక్స్‌ట్రీమ్ అనే బాగా కష్టమైన స్థాయిలో పూర్తి చేసినవి ముప్పై కూడా ఉండవు కనుక, ఇది నిపుణుడు రాస్తున్నది కాదని ముందే మనవి.

ఈ తరహా ఆటలు చూడనివారి కోసం ఆట తీరు కాస్త వివరంగా చెప్పాలి. చాలా రిథమ్ గేముల్లో నోట్లు, అంటే ఏ బటన్ నొక్కాలో చెప్పే గుర్తులు, ఒక నిర్ణీతమైన దారిలో, రైలు పట్టాల మీద వచ్చినట్టు, పైనుంచి కిందికి వస్తాయి. కన్ను ఒకేచోట నిలిపి ఉంచితే సరిపోతుంది. డీవాలో అలాంటి దారి లేదు. తెరమీద ఏ మూలనైనా ఒక బోలు గుర్తు మొలుస్తుంది. దాని లోపల గడియారపు ముల్లు వంటిది ఒకటి తిరగడం మొదలవుతుంది. ఇంకెక్కడినుంచో రంగు నిండిన గుర్తు ఒకటి వంపు తిరుగుతూ ఎగిరి వస్తుంది. ముల్లు పన్నెండు దగ్గరకు చేరే క్షణాన రంగు గుర్తు బోలు గుర్తు మీద కూర్చుంటుంది. ఆ క్షణానే ఆ గుర్తుకు సంబంధించిన బటన్ నొక్కాలి. సరిగ్గా నొక్కితే కూల్, కొద్దిగా అటూ ఇటూ అయితే ఫైన్, ఆపైన సేఫ్, శాడ్, చివరికి వర్స్ట్. సమయం సరిపోయినా వేరే బటన్ నొక్కితే అది మరో తప్పు. సేఫ్ అన్న మాట వినడానికి క్షేమంగానే ఉంటుంది గాని, వరుసగా కూడబెట్టుకొస్తున్న కాంబో అక్కడితో సున్నా అవుతుంది. పాట చివరిదాకా ప్రాణం నిలుపుకున్నా, కూడబెట్టిన శాతం ఆ స్థాయికి చాలినంత లేకపోతే క్లియర్ అయినట్టు కాదు.

ఇదంతా జరుగుతున్నప్పుడు వెనకాల గాయని పూర్తి నిడివి వీడియోలో, వేషం మార్చుకొని, రంగస్థలం మార్చుకొని, ఎంతో శ్రద్ధగా నాట్యం చేస్తూ ఉంటుంది. ఆడేవాడికి ఆ నాట్యంలో ఒక్క అడుగు కూడా కనిపించదు. నెలల తరబడి ఆడిన పాటలో ఆమె కట్టుకున్నది ఏ రంగు దుస్తులో అడిగితే నేను చెప్పలేను. నా వెనక సోఫాలో కూర్చునే మేనకోడలికి మాత్రం అన్నీ తెలుసు. “మామయ్యా, ఇప్పుడు ఆమె వాన చూస్తూ నిలబడింది, నువ్వు చూశావా?” అని అడుగుతుంది. చూడలేదు. ఆ సమయానికి నేను తెర ఎడమ మూలన మొలిచిన నాలుగు చతురస్రాలను చూస్తున్నాను. అంత కష్టపడి బొమ్మలు కదిలించిన కళాకారులకు ఈ ఆటలో దక్కే ప్రేక్షకులు ఆడేవారు కాదు, పక్కన కూర్చున్నవారు.

గాయని సంగతికి వస్తాను. హత్సునె మికు మనిషి కాదు, అసలు మొదట బొమ్మ కూడా కాదు. ఆమె ఒక సాఫ్ట్‌వేర్. జపాన్ ఉత్తర ద్వీపం హొక్కైడోలోని సప్పోరో నగరంలో ఉన్న క్రిప్టన్ ఫ్యూచర్ మీడియా అనే సంస్థ 2007 ఆగస్టు 31న ఆమెను అమ్మకానికి పెట్టింది. పాడించే యంత్రాంగం యమహా సంస్థ తయారు చేసిన వోకలాయిడ్. సాకి ఫుజితా అనే డబ్బింగ్ కళాకారిణి స్టూడియోలో కూర్చొని అచ్చులు, హల్లులు, ఒక ధ్వనినుంచి ఇంకో ధ్వనికి గొంతు జారే మధ్యపాళ్లు విడివిడిగా పలికితే, వాటిని ముక్కలుగా నిలవచేసి, కొనుక్కున్నవారు రాసిన రాగానికి, అక్షరాలకు తగినట్టు సాఫ్ట్‌వేర్ అతికించి పాడుతుంది. పెట్టె మీద కెయ్ అనే చిత్రకారుడు వేసిన పదహారేళ్ల అమ్మాయి బొమ్మ, నేల దాకా జారే రెండు జడలు. ఆ బొమ్మ వల్లనే కొన్నారో, గొంతు వల్లనే కొన్నారో గాని, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చొని పాటలు కట్టుకునే అజ్ఞాత సంగీతకారులు వేలమంది ఆమెకు పాటలు రాసి నికోనికో డౌగా అనే వీడియో సైట్‌లో పెట్టారు. డీవా ఆటలో వినిపించే పాటలలో చాలా భాగం అలా పుట్టినవే.

ఆ పెట్టెతోపాటు తయారీదారులు ఒక సూచన కూడా ఇచ్చారు. ఈ గొంతుకు అనువైన వేగం నిమిషానికి 70 నుంచి 150 బీట్లు అని. నేను తాళం తప్పుతున్న పాట వేగం నిమిషానికి 240.

ఆ పాట కాస్మో అనే సంగీతకారుడు కట్టిన ‘హత్సునె మికు నో షోషిత్సు’. అంటే హత్సునె మికు అదృశ్యం. తనను తొలగించబోతున్నారని తెలిసిన సాఫ్ట్‌వేర్ గాయని ఆఖరిసారి పాడుతున్నట్టుగా సాగుతుంది. పాడేది యంత్రం, పాడుతున్నది యంత్రం చావు గురించి. ఆ ఊహ నన్ను పట్టుకున్న మాట నిజమే గాని, ఇక్కడ నాకు పని పడింది దాని వేగంతో. నిమిషానికి 240 అంటే సెకనుకు నాలుగు బీట్లు. బీటుకు రెండక్షరాల చొప్పున పాడితే సెకనుకు ఎనిమిది అక్షరాలు, అంటే అక్షరానికి 125 మిల్లీసెకన్లు. ఒక పద్యాన్ని అంత వేగంతో ఒకసారి అప్పజెప్పడం కష్టమేమీ కాదు, అష్టావధానంలో అంతకన్న చిత్రాలే చూశాం. కాని రాగం తప్పకుండా, ఊపిరి పీల్చకుండా, వరుస మీద వరుస అలా అంటూనే పోవడం మనిషి గొంతుకు పొసగదు. ఊపిరి అవసరం లేని గొంతు దొరికింది గనుక, ఊపిరికి చోటు వదలని పాట కట్టారు. తయారీదారులు గీసిన గీతను దాటి, ఆ గొంతు చేయగలిగిన పనేదో దానితోనే చేయించారు. మనుషుల కచేరీలలో పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే విరామాలు చాలావరకు గాయకుల ఊపిరితిత్తులు కోరుకున్నవేనని నాకు ఈ పాట విన్న తరువాతనే తట్టింది.

మరి ఆటలో ఆ పాటను నాలుగు బటన్లలోకి ఎలా దించుతారు? ప్రతి పాటకూ ఏ క్షణాన ఏ బటన్ రావాలో ఒక మనిషి కూర్చొని నిర్ణయిస్తాడు. దానినే ఆడేవాళ్లు చార్ట్ అంటారు. పాటలో ఒకేసారి గొంతు ఉంటుంది, డ్రమ్ములు ఉంటాయి, గిటారు ఉంటుంది, కీబోర్డు ఉంటుంది. చార్ట్ రాసినవాడు వాటిలో ఒకదానిని పట్టుకొని కాసేపు నడిచి, దానిని వదిలి ఇంకోదానిని పట్టుకుంటాడు. నార్మల్ స్థాయిలో అతను గొంతును వదిలి వెళ్లడం తక్కువ. గట్టి అక్షరాల మీద మాత్రమే బటన్ పెడతాడు గనుక వింటూ నొక్కితే సరిపోతుంది. ఎక్స్‌ట్రీమ్‌లో గొంతు అక్షరం అక్షరానికీ బటన్ పెట్టి, వాక్యం సగంలో ఉండగానే డ్రమ్ముల మీదికి దూకి, వాక్యం చివర మళ్లీ గొంతు దగ్గరికి వస్తాడు. కొన్ని పాటలలో ఈ దూకుడు అందంగా, సంగతి మీద సంగతి వేసినట్టుగా ఉంటుంది. కొన్నింటిలో మాత్రం ఆడేవాడిని పడగొట్టడానికే కాలు అడ్డం పెట్టినట్టుంటుందని నా అభిప్రాయం. వాటి పేర్లు ఇక్కడ రాసి తగవు తెచ్చుకోను.

నేను తప్పుతున్న చోటు ఇలాంటి దూకుడుది కాదు. అక్కడ చార్ట్ నిజాయితీగా గొంతునే అనుసరిస్తుంది. కనుక తప్పు నా చెవిలో ఉండాలి.

మొదట్లో తప్పు చెవిదో చేతిదో కాక యంత్రానిదని నమ్మి కొన్నాళ్లు గడిపాను. మొదటి వారం నేను బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ఆడేవాడిని, రాత్రి వేళ ఇంట్లో వాళ్లకు ఇబ్బంది కాకూడదని. వాటిలో ధ్వని కంప్యూటర్ నుంచి చెవికి చేరడానికి పట్టే ఆలస్యం సులభంగా 100 మిల్లీసెకన్లు దాటుతుంది. సినిమా చూసేటప్పుడు ఆ తేడా తెలియదు, వీడియో ప్లేయర్ బొమ్మను కూడా అంత వెనక్కి జరిపి సర్దేస్తుంది గనుక. ఇక్కడ అక్షరానికి ఉన్నదే 125 మిల్లీసెకన్లు. అంటే నేను దాదాపు ఒక అక్షరం వెనకబడి విని, విన్నదానికి సరిగ్గానే నొక్కుతూ, ఫైన్‌లు, సేఫ్‌లు ఎందుకొస్తున్నాయో తెలియక నన్ను నేను తిట్టుకుంటున్నాను. పాత వైర్ ఇయర్‌ఫోన్లు అటకమీద డబ్బాలోనుంచి తీసి పెట్టుకున్న రోజున మూడు పాటలు ఒక్కసారిగా క్లియర్ అయ్యాయి. టీవీకి తగిలించి ఆడేవారికి ఇదే బాధ బొమ్మ వైపునుంచి వస్తుంది. బొమ్మకు మెరుగులు దిద్దడానికి టీవీ తీసుకునే సమయమంతా ఆలస్యమే, గేమ్ మోడ్ పెడితే తగ్గుతుంది. ఆట సెట్టింగులలో ఈ తేడా సర్దుకోవడానికి ఒక అంకె కూడా ఉంది, దానిని ఒక్కో మెట్టు జరుపుకుంటూ పోతే కుదురుతుంది. కొత్తగా మొదలుపెట్టేవారు తమ వేళ్లను అనుమానించే ముందు ఈ అంకెను అనుమానించడం మేలు.

కంట్రోలర్ సంగతి కూడా ఒక మాట. నేను కొన్న చవకరకం దానిలో కుడివైపు కింది బటన్ రెండు నెలలకే లోపల ఇరుక్కోవడం మొదలుపెట్టింది. నొక్కితే దిగేది, లేవడానికి బద్ధకించేది. అమ్మినవాళ్లు వారంటీ కాగితం చూసి, గేమ్ ఆడితే ఇలాగే అవుతుందండీ అన్నారు. గేమ్ కంట్రోలర్‌తో గేమ్ కాక ఇంకేం ఆడాలో అడగడానికి ఆ రోజు నాకు ఓపిక లేకపోయింది. కొత్తది కొన్నాను.

ఇవన్నీ సర్దుకున్నాక కూడా ఆ చోట తాళం తప్పుతూనే ఉంది. అప్పుడు పాటను ఆటలోనుంచి బయటికి తీసి, ఆఫీసుకు వెళ్లే మెట్రోలో వినడం మొదలుపెట్టాను. జపనీస్ నాకు రాదు. అర్థం తెలియని పాటను అక్షరాల లెక్కగా మాత్రమే వినడంలో ఒక సౌకర్యం ఉంది. మాట మీదికి మనసు పోదు. వేలితో మోకాలి మీద ఒక్కో అక్షరానికీ ఒక్కో దెబ్బ వేసుకుంటూ లెక్కపెట్టబోతే, కొన్ని పదాల దగ్గర నా లెక్క పాట లెక్కకన్న ఒకటి తక్కువ వస్తోంది. ప్రతిసారీ అదే పదాల దగ్గర. జపనీస్ వాళ్ల అక్షరం మన అక్షరమేనని నేను అనుకోవడం దానికి కారణం.

ఇది కాస్త విడమరచి చెప్పాలి, నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్న ముచ్చట గొలిపినది ఇదే. జపనీస్ పదాలు మన పదాలలాగే ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. హల్లుకు అచ్చు చేర్చి ఒక్కో గుర్తుగా రాసే వాళ్ల లిపి మన గుణింతానికి దూరపు బంధువులా అనిపిస్తుంది. అందువల్ల తెలుగు చెవికి ఆ భాష సులభంగా ముక్కలవుతుంది. కాని వాళ్లు లెక్కపెట్టేది అక్షరాలను కాదు, మాత్రలను. ‘కొన్నిచివా’ అన్న పలకరింపు తీసుకోండి. నా వేలు దానికి కొన్-ని-చి-వ అని నాలుగు దెబ్బలు వేస్తుంది. జపనీస్ లెక్కలో అది ఐదు: కొ, న్, ని, చి, వ. ఆ పొల్లు నకారానికి విడిగా ఒక గుర్తు, విడిగా ఒక కాలం ఉన్నాయి. పాటలో దానికి విడిగా ఒక స్వరం కూడా దక్కవచ్చు. దీర్ఘం ఉంటే రెండు కాలాలు. హల్లు ఒత్తి పలికితే, ఒత్తు ముందర ఆగిన ఆ నిశ్శబ్దానికీ ఒక కాలం.

ఇంతవరకు వచ్చేసరికి నాకు పదో తరగతి తెలుగు వాచకం గుర్తొచ్చింది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. దీర్ఘం గురువు, సున్నాతో కూడినది గురువు, పొల్లుతో కూడినది గురువు, ఒత్తక్షరానికి ముందున్నది గురువు. కొన్నిచివాను చివర వకారం హ్రస్వంగా పలికి గణ విభజన చేస్తే గురువు, లఘువు, లఘువు, లఘువు. మాత్రలు ఐదు. మన ఛందస్సు వాళ్ల లెక్కకు అచ్చంగా సరిపోతోంది. తేడా ఒక్కటే: మనం ఆ రెండో మాత్రను ముందక్షరంలో కలిపేసి ఒకే గుర్తు పెడతాం, వాళ్లు విడదీసి చూపిస్తారు. చార్ట్ రాసినవాడు జపనీస్ చెవితో రాశాడు గనుక ఆ రెండో మాత్రకు బటన్ పెట్టాడు. నేను తెలుగు చెవితో విన్నాను గనుక గురువు దగ్గర ఒకసారి నొక్కి ఊరుకున్నాను. అక్కడినుంచి వరుసంతా ఒక మాత్ర జరిగిపోయి, చతురస్రం రావలసిన చోట వృత్తం నొక్కుతూ, పుట్ట మీద కాలు వేసినవాడిలా కొట్టుకుంటున్నాను.

ఇదే లెక్కలో ఒక చమత్కారం. హత్సునె అని తెలుగులో రాస్తే త్సు సంయుక్తాక్షరం కాబట్టి దాని ముందున్న హకారం గురువవుతుంది. జపనీస్‌లో ఆ ‘త్సు’ ఒకే హల్లు, కనుక హ లఘువే. అంటే హ, త్సు, నె మూడూ లఘువులు. గాయని ఇంటిపేరు శుద్ధమైన న గణం. లిపి మార్చగానే గణభంగం చేసినవాళ్లం మనమే.

లెక్క దొరికింది గాని, లెక్క తెలిసినంత మాత్రాన చేతికి రాదు కదా. రాజమండ్రిలో చిన్నప్పుడు నేను మూడేళ్లు మృదంగం నేర్చుకొని, పరీక్షలు వచ్చాయనే సాకుతో మానేశాను. మా మాస్టారు ఏ పాఠమైనా ముందు నోటితో చెప్పించేవారు. నోట పలకనిది చేత పలకదనేవారు. మొదటికాలంలో, అంటే నిదానపు నడకలో, తప్పు లేకుండా చెప్పగలిగితేనే దానికన్న వేగమైన రెండోకాలం, అది నిలబడితేనే మూడోకాలం. ఇరవై అయిదేళ్లకు పైగా మరిచిపోయిన ఆ పద్ధతిని తిరిగి తీశాను. ఆ చోట వచ్చే నోట్లను ఒక కాగితం మీద నాలుగు గుర్తులుగా రాసుకొని, వాటికి తకధిమి, తకిట కట్టుకొని, వంటింట్లో కాఫీ కాచుకుంటూ మొదటికాలంలో చెప్పుకోవడం మొదలుపెట్టాను. అమ్మ రెండు రోజులు విని మూడో రోజున అంది: “ఒరేయ్, మృదంగం మళ్లీ మొదలెట్టావా? మంచిదేరా.” ఆమెకు సంతోషం కలిగించిన ఆ అపోహను తొలగించడానికి నాకు మనసొప్పలేదు. మూడోకాలానికి వచ్చిన రోజున ఆమే సోఫాలోకి వచ్చి కూర్చొని, తెర చూసి, “ఇదా?” అని ఒక్క మాట అని లేచి వెళ్లిపోయింది.

మృదంగం ఇంకో విధంగా కూడా పనికొచ్చింది. ఈ ఆటలో ఒక్కో గుర్తుకు రెండు బటన్లు పనిచేస్తాయి: కుడివైపు నాలుగు బటన్లలో ఒకటి, ఎడమవైపు దిశల బటన్లలో దానికి జోడీ. త్రిభుజానికి పైదిశ, వృత్తానికి కుడిదిశ, ఇలా. ఒకే గుర్తు గబగబా వరుసగా వచ్చినప్పుడు కుడి బొటనవేలితోనే కొడుతూ పోతే అది కాసేపటికి కొయ్యబారిపోతుంది. కుడి, ఎడమ, కుడి, ఎడమ అని రెండు చేతులకూ పంచితే ఒక్కో వేలికి సగం వేగమే. నేను ఇన్నాళ్లూ ఎడమచేతిని కంట్రోలర్ మోయడానికి మాత్రమే ఉంచుకున్నాను. మృదంగానికి కుడివైపు ముఖమైన వలంతల ఒక్కటే వాయించి, ఎడమవైపు తొప్పి ముట్టుకోనివాడిని మా మాస్టారు చూసి ఉంటే ఏమనేవారో నాకు తెలుసు. పంచడం మొదలుపెట్టాక మొదటి వారం ఉన్న విద్య కూడా పోయింది. ఎడమ బొటనవేలు ఏ దిశ పైదో ఏ దిశ కిందిదో మరిచిపోయేది. నార్మల్ స్థాయిలో సైతం తప్పులు పడుతుంటే మేనకోడలు కంట్రోలర్ అడిగి తీసుకొని, అదే పాట నార్మల్‌లో హాయిగా కూనిరాగం తీస్తూ ఆడేసి, తిరిగి ఇచ్చింది. ఆమెకు పద్నాలుగేళ్లు. మాత్రలు, గణాలు ఏమీ తెలియవు. నోట్లు వస్తాయి కదా మామయ్యా, వచ్చినప్పుడు నొక్కడమే కదా అంది.

ఆమె ఆడుతున్నప్పుడు గమనించినదొకటి ఉంది. ఆమె పాడుతోంది, అంటే ఊపిరి తీస్తోంది. తరువాత నేను ఆడేటప్పుడు నన్ను నేను గమనించుకుంటే, కష్టమైన వరుస మొదలయ్యే రెండు బీట్ల ముందు నా ఊపిరి ఆగిపోతోంది. వరుస పొడుగునా బిగబట్టి, భుజాలు చెవుల దాకా లేపి, పళ్లు బిగించి ఉంటున్నాను. గాయనికి ఊపిరి అక్కరలేదు. ఆమె వెంట పడి నేను కూడా మానేశాను. బిగబట్టిన ఊపిరితో పది సెకన్లు దాటేసరికి ముంజేయి బిగుసుకుంటుంది, బిగుసుకున్న చేతికి వేగం రాదు. మూడు వారాలు బొటనవేలిని తిట్టినది దీనికే. ఇప్పుడు ఆ వరుసకు ముందు గట్టిగా గాలి వదిలి, వరుస సాగుతుండగా పెదవుల మధ్యనుంచి తకధిమి అనుకుంటూ పోతున్నాను. పలకాలంటే గాలి కదలక తప్పదు గనుక ఊపిరి ఆగదు. చూసేవారికి పెదవులు కదిలిస్తూ జపం చేసుకుంటున్నట్టు ఉంటుందట.

నొక్కిన ప్రతిసారీ ఈ ఆట ఒక చిన్న శబ్దం చేస్తుంది, దానిని మనకు నచ్చినట్టు మార్చుకోవచ్చు. మొదట అది పాటకు అడ్డమని తీసేశాను. ఇప్పుడు తిరిగి పెట్టుకున్నాను. గొంతు అక్షరం మీద నా దెబ్బ సరిగ్గా కూర్చున్నప్పుడు ఆ శబ్దం విడిగా వినిపించదు, అక్షరంలో కలిసిపోతుంది. పక్కకు జరిగినప్పుడే బయటికి వినిపిస్తుంది. తెరమీద కూల్ అన్న మాట చదివే తీరిక ఎలాగూ ఉండదు, చెవితోనే తెలిసిపోతోంది. కచేరీలో గాయకుడి పక్కన కూర్చొని వాయించేవాడికి తెలిసేది కూడా ఇలాగే తెలుస్తుంది కాబోలు. నేను కచేరీ దాకా వెళ్లలేదు గనుక ఊహించి చెబుతున్నాను.

గడచిన గురువారం రాత్రి ఆ చోటు దాటాను. పొల్లు నకారాలన్నిటికీ బటన్ నొక్కాను, ఎడమచేయి తన వంతు తాను చేసింది, పాట చివరిదాకా లైఫ్ మిగిలింది. స్టాండర్డ్ వచ్చింది, అంటే బొటాబొటీ ఉత్తీర్ణత. దానిపైన గ్రేట్, ఎక్సలెంట్ ఉన్నాయి. మొదటినుంచి చివరిదాకా కూల్ లేదా ఫైన్ తప్ప మరొకటి పడకుండా ఆడితే పర్ఫెక్ట్. ఆ మాటకొస్తే ఎక్స్‌ట్రీమ్ కూడా ఆఖరి మెట్టు కాదు, కొన్ని పాటలకు దానిపైన ఎక్స్‌ట్రా ఎక్స్‌ట్రీమ్ ఉంది. కాస్మోదే ఇంకో పాట, 2010 నాటి డీవా సెకండ్‌లో చేరిన ‘హత్సునె మికు నో గెకిషో’, వేగం 200. దానిని ఒకసారి తెరిచి చూశాను. 200 అంటే 240కన్న తక్కువే కదా అనుకోవడానికి లేదు; బీటుకు నాలుగు చొప్పున వచ్చే వరుస పడితే సెకనుకు పదమూడు దాటుతాయి. నలభై సెకన్ల లోపలే లైఫ్ అయిపోయింది.

ఎక్కడ పోయిందో మాత్రం తెలుసు. కాగితం, పెన్సిల్ టీవీ పక్కనే పెట్టుకున్నాను, ఈ రాత్రి మొదటికాలంలో మొదలుపెట్టాలి. అమ్మ ఈసారి ఏమీ అడగలేదు.